మ్యూజియం లేఅవుట్‌లో రైళ్ల వీడియో: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

మ్యూజియంలో చిన్న నమూనా రైళ్లు తిరిగే పెద్ద లేఅవుట్ ముందు నిలబడితే కొండలు, వంతెనలు, సొరంగాలు, స్టేషన్లు అన్నీ కళ్లకు నిజమనే అనిపిస్తాయి. ఇంటికొచ్చి తీసిన వీడియో పెట్టుకుంటే, బల్ల మీద బొమ్మ గిరగిరా తిరుగుతున్నట్టు ఉంటుంది. ఒక్కో చెట్టునీ చేత్తో నాటినవాళ్ల కష్టం వీడియోలో అలా తేలిపోవడం నాకు నచ్చదు. చాలావరకు తప్పు కెమెరాది కాదు, దాన్ని పెట్టిన చోటుది, వదిలేసిన సెట్టింగులది.

రైలు బొమ్మలాగే కనిపిస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. ముందుగా చూడాల్సింది కెమెరా ఎత్తు. మ్యూజియాల్లో ఎక్కువగా కనిపించే హెచ్ఓ స్కేలు 1:87, అంటే నిజం రైలులో 87వ వంతు సైజు. పట్టాల పక్కన నిలబడిన మనిషి కళ్లు నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో ఉంటాయనుకుంటే, ఆ స్కేలులో అది 18 మిల్లీమీటర్లు. ఎన్ స్కేలులో, అంటే 1:160లో, సరిగ్గా ఒక సెంటీమీటరు. మనమేమో ఫోన్‌ని ఛాతీ ఎత్తులో పట్టుకుని తీస్తాం. పట్టాలకు 40 సెంటీమీటర్లు పైన కెమెరా ఉందంటే, ఆ చిన్న లోకంలో సుమారు 35 మీటర్ల పైనుంచి, పదంతస్తుల మేడ మీద నుంచి చూస్తున్నట్టు. అక్కడి నుంచి ఏ రైలైనా బొమ్మే.

పరిష్కారం: కిందికి దిగండి. మోకాళ్ల మీద కూర్చోండి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ అడుగు అంచుకు వచ్చి పట్టాల మట్టానికి దగ్గరవుతుంది. రికార్డింగ్ మొదలుపెట్టే ముందే స్క్రీన్ మీద బొమ్మ నిటారుగా ఉందో లేదో చూసుకోండి. రెయిలింగ్ దాటి చెయ్యి చాపకూడదు కాబట్టి అన్ని చోట్లా ఇది కుదరదు. అలాంటప్పుడు కొండ మీదుగా వెళ్లే లైను వెతకండి. లేఅవుట్‌లో ఎత్తున ఉన్న ట్రాక్ దానంతటదే మీ లెన్స్ మట్టానికి వస్తుంది.

కిందికి దిగితే ఇంకో చిక్కు వస్తుంది: వెనక హాలు పైకప్పు, అవతలి వైపు నిలబడ్డ సందర్శకులు ఫ్రేములో పడతారు. రంగులు వేసిన గోడో, కొండో వెనక వచ్చేలా పక్కకి జరగండి. పై భాగాన్ని వంతెన కమానుతోనో చెట్టు కొమ్మతోనో కప్పేస్తే ఇంకా మంచిది.

ఎత్తు సరిగ్గా ఉన్నా బొమ్మలాగే ఉంటే, వేగం చూడండి. నిజం రైలు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందంటే, హెచ్ఓలో అది సెకనుకు దాదాపు 25 సెంటీమీటర్లు. అంటే ఒక మీటరు దాటడానికి నాలుగు సెకన్లు పట్టాలి. రెండు సెకన్లలోనే దాటేస్తుంటే గంటకు 160 కిలోమీటర్లన్నమాట. గూడ్సు బండికి అది నప్పదు. సెకనుకు 60 ఫ్రేములతో తీసి 30తో ప్లే చేయండి. వేగం సగమవుతుంది, బోగీల ఊగులాట కూడా నెమ్మదించి వాటికి బరువు వచ్చినట్టు కనిపిస్తుంది. చిన్న వస్తువులు త్వరత్వరగా ఊగుతాయి కదా, కంటికి మొదట దొరికిపోయేది అదే.

ఇంజను ఒక్కటే స్పష్టంగా ఉంది, మిగతాదంతా మసక

ఫోటోల్లో అందంగా ఉండే ఈ మసక ఇక్కడ శత్రువు. ముందూ వెనకా అలికినట్టుంటే, ఇది చిన్న వస్తువని చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. లెన్స్ వస్తువుకి మరీ దగ్గరగా ఉండటం, అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, బాగా తెరిచి ఉండటం దీనికి కారణాలు. కెమెరా అయితే ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెట్టండి (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఎఫ్/16 దాటితే కాంతి వివర్తనం వల్ల, అంటే చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు చెదరడం వల్ల, మొత్తం చిత్రం పదును తగ్గుతుంది. ముందూ వెనకా ఇంకా ఎక్కువ దూరం స్పష్టంగా రావాలంటే, అదే లెన్స్‌తో ఒక అడుగు వెనక్కి వేసి 4కేలో తీసి, ఎడిటింగ్‌లో కత్తిరించుకోండి.

ఈ విషయంలో చిన్న సెన్సార్ ఉన్న ఫోన్‌దే పైచేయి. కాకపోతే పోర్ట్రెయిట్, సినిమాటిక్ లాంటి మోడ్‌లు ఆపేయాలి. దగ్గరకు వెళ్లగానే ఫోన్ తనంతట తాను మాక్రో లెన్స్‌కి మారి చిత్రం ఒక్కసారిగా దూకినట్టయితే, ఆ ఆటోమేటిక్ మాక్రోని కూడా ఆపండి.

రైలు వచ్చే సమయానికి ఫోకస్ తడబడుతోంది

ముందున్న చెట్టా, కరెంటు స్తంభమా, కదిలే ఇంజనా అని ఆటోఫోకస్ తేల్చుకోలేక ముందుకీ వెనక్కీ వెతుకుతుంది. రైలు రాకముందే, అది కనిపించాల్సిన చోట పట్టా మీద ఫోకస్ పెట్టి లాక్ చేయండి. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ (చిత్రం ఎంత వెలుగుగా రావాలన్న సెట్టింగు) రెండూ లాక్ అవుతాయి. ఆ తర్వాత ఎదురుచూడటమే. సందర్శకులకు కనిపించకుండా రైళ్లు నిలిపే దాచిన యార్డులోకి వెళ్లిన రైలు మళ్లీ బయటికి రావడానికి చాలాసేపు పట్టొచ్చు. నడిపేవాళ్లు దగ్గర్లో ఉంటే మర్యాదగా అడగండి. ఏ బండి ఎటు నుంచి వస్తుందో వాళ్లు ఎంతో ఇష్టంగా చెప్పడమే నేను చూశాను.

లైట్లు మినుకుమంటున్నాయి, చారలు పాకుతున్నాయి

ఇక్కడ కారణం తేల్చకుండా సెట్టింగులు మార్చొద్దు. మినుకు ఎక్కడుందో చూడండి.

ఫ్రేమంతా చారలు కదులుతుంటే, అది హాలు లైట్లకీ షట్టర్‌కీ, అంటే ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయానికీ, కుదరకపోవడం. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాల్లో లైటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 సెకను ఉండాలి. 60 హెర్ట్జ్ దేశాల్లో 1/60 లేదా 1/120. పైన చెప్పిన 60 ఫ్రేముల పద్ధతికి 50 హెర్ట్జ్ చోట 1/100 సరిపోతుంది. సెకనుకు 120 ఫ్రేములకు వెళ్తే మాత్రం ఒక్కో ఫ్రేముకి అంత సమయమే దొరకదు, మినుకు తప్పదు. అక్కడ స్లో మోషన్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంజను హెడ్‌లైటో, ఊళ్లోని వీధి దీపాలో మాత్రమే లయగా కొట్టుకుంటుంటే, వాటి ఎల్ఈడీలను వేగంగా ఆర్పి వెలిగిస్తూ కాంతి తగ్గిస్తున్నారన్నమాట. షట్టర్‌ని కొంచెం కొంచెంగా మారుస్తూ, మినుకు తక్కువగా కనిపించే చోట ఆపండి.

ఒక్క బోగీలోనే, లయ లేకుండా దీపం పోయి వస్తుంటే అది కెమెరా సమస్యే కాదు. పట్టా మీదో చక్రాల మీదో మురికి పట్టి కరెంటు సరిగ్గా అందడం లేదు. మీరు చేయగలిగింది నిర్వాహకులకు చెప్పడమే.

రంగు, వెలుగు మధ్యలో మారిపోతున్నాయి

కొన్ని లేఅవుట్లలో పగలు, రాత్రి మారుతుంటాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియాటూర్ వుండర్‌లాండ్‌లో దాదాపు ప్రతి 15 నిమిషాలకీ రాత్రి పడుతుంది. ఆటోలో ఉన్న కెమెరా ఆ చీకటిని పగలు చేసేయాలని చూస్తుంది. నీలం వెలుగుని తెలుపు చేస్తుంది, వెలిగే కిటికీలను తెల్లటి మచ్చలుగా మారుస్తుంది. తెలుపుని తెల్లగా చూపించేందుకు కెమెరా రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్‌ని పగటి వెలుగులోనే లాక్ చేయండి. రాత్రి దృశ్యానికి, కిటికీల్లో రంగు నిలిచేంత వరకు ఎక్స్‌పోజర్ తగ్గించండి. మిగతాది చీకటిగానే ఉండనివ్వండి, రాత్రి కదా.

అద్దంలో మన మొహమే కనిపిస్తోంది

లేఅవుట్ ముందు అద్దం పలక ఉంటే, లెన్స్‌ని దానికి ఆనించడమే అసలు మందు. లెన్స్ చుట్టూ తొడిగే రబ్బరు హుడ్ ఉంటే చాలు, లేకపోతే చుట్టూ నల్లగుడ్డ పట్టండి. ముదురు రంగు బట్టలతో వెళ్తే కూడా తేడా తెలుస్తుంది. ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టరైన పోలరైజర్ ఏటవాలుగా చూసినప్పుడే పనిచేస్తుంది, ఎదురుగా నిలబడితే ప్రయోజనం లేదు. అక్రిలిక్ పలకలైతే పోలరైజర్ వల్ల ఇంద్రధనుస్సు మరకలు రావచ్చు. అలా వస్తే తీసేయండి.

వీడియో వణుకుతోంది

రెయిలింగ్‌కి ఆనుకుంటే పక్కవాళ్ల కదలికలన్నీ వీడియోలోకి వస్తాయి. ట్రైపాడ్ ఒప్పుకోని చోట, మోచేతులు ఒంటికి ఆనించి గోడకో స్తంభానికో వీపు ఆనించండి. రైలు వెంట కెమెరా తిప్పాలంటే, ఇంజను ఫ్రేములో ఒకే చోట ఉండేలా నడుము నుంచి తిరగండి. నా మటుకు నేను కెమెరాని కదపకుండా రైలునే ఫ్రేములోకి రానిస్తాను, పదిసార్లలో ఎనిమిదిసార్లు అదే బాగుంటుంది.

శబ్దం పనికిరావట్లేదు

హాలు గోలని తర్వాత తీసేయడం చాలా కష్టం. జనం తక్కువగా ఉన్నప్పుడు చక్రాల చప్పుడు, హారన్ విడిగా రికార్డు చేసుకుని జోడించండి.

బోగీ మీద కెమెరా పెడితే సొరంగంలో తగులుతోంది

ఇది నిర్వాహకుల అనుమతితో, వాళ్ల చేతుల మీదుగానే చేయాలి. కెమెరా ఎత్తు, వెడల్పులకు సరిపడా అట్టముక్క కత్తిరించి ఖాళీ బోగీకి అతికించి, ముందు దాన్ని దారంతా నెమ్మదిగా నడిపించి చూడమనండి. మలుపుల్లో బోగీ మధ్యభాగం లోపలికి, చివరలు బయటికి జరుగుతాయి కాబట్టి తిన్నని దారిలో సరిపోయింది ప్లాట్‌ఫాం అంచుకు తగలొచ్చు. అట్టముక్క ఎక్కడ తగిలితే అక్కడితో ఆ దారి వదిలేసి, ఇంకో లైను అడగండి.