న్యూయార్క్‌లో చిన్న కేసులో పట్టుకెళ్తే: రైకర్స్ దీవి గురించి, మీ హక్కుల గురించి తెలుసుకోవాల్సినవి

లాగార్డియా ఎయిర్‌పోర్టు పక్కనే ఈస్ట్ రివర్‌లో 400 ఎకరాలకు పైగా ఉన్న దీవి పేరు రైకర్స్. క్వీన్స్ వైపు నుంచి ఒకే ఒక్క వంతెన. న్యూయార్క్ నగరం తన జైళ్లలో ఎక్కువ భాగం అక్కడే పెట్టుకుంది. లోపల ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంకా శిక్షే పడలేదు, కోర్టులో కేసు తేలడం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు వాళ్లు. 2010లో కలీఫ్ బ్రౌడర్ అనే 16 ఏళ్ల కుర్రాడిని బ్యాగు కొట్టేశాడని పట్టుకున్నారు. 3,000 డాలర్ల బెయిలు ఇంట్లోవాళ్లు కట్టలేకపోయారు. విచారణే జరగకుండా దాదాపు మూడేళ్లు ఆ దీవి మీదే ఉన్నాడు, అందులో ఎక్కువ కాలం ఒంటరి గదిలో. చివరికి 2013లో కేసు కొట్టేశారు. 2015లో, 22 ఏళ్లకే, అతను ఆత్మహత్య చేసుకున్నాడు.

ఆ తర్వాత చట్టం మారింది. 2020 జనవరి నుంచి చాలా చిన్న కేసుల్లో డబ్బు బెయిలు అడగడానికి వీల్లేదు. షాపులో వస్తువు తీసుకుని బయటికొచ్చిన కేసు, అంటే 1,000 డాలర్లు దాటని దొంగతనం, మొదటిసారి అయితే చాలావరకు కోర్టు తేదీ రాసిన కాగితం చేతికిచ్చి పంపేస్తారు. కానీ ఒక కేసు నడుస్తుండగానే ఇంకోటి పడినా, కోర్టు తేదీకి వెళ్లక వారెంటు వచ్చినా పరిస్థితి వేరు. ఎమ్మెస్ కోసం వచ్చి పార్ట్‌టైమ్ పని, ఫీజుల టెన్షన్ మధ్య ఆ తేదీ మర్చిపోయారంటే, చిన్న కేసు కాస్తా జైలు దాకా వెళ్లొచ్చు. ఆ కాగితం ఫొటో తీసి రూమ్‌మేట్‌కి కూడా పంపండి. (పక్కనే న్యూజెర్సీలోని జెర్సీ సిటీలోనో ఎడిసన్‌లోనో కేసు పడితే రాష్ట్రం వేరు, పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేది న్యూయార్క్ నగరం సంగతి.)

పోలీసులు పట్టుకెళ్లారనుకోండి. పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ నిజం చెప్పండి. ఆ తర్వాత ఒకటే మాట: నేను మాట్లాడను, నాకు లాయర్ కావాలి. సారీ చెప్పి డబ్బు కట్టేస్తే వదిలేస్తారని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. ఆ సారీని ఒప్పుకోలుగా రాసుకుంటారు. మామూలుగా 24 గంటల లోపు జడ్జి ముందు నిలబెట్టాలి.

అక్కడ డబ్బు లేకపోతే ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ప్రభుత్వ లాయర్ కదా అని తక్కువగా చూడకండి, రోజూ ఇవే కేసులు చూసే మనుషులు. అయితే వాళ్లకు మీతో దొరికేది కొద్ది నిమిషాలే, అందుకే మొదట చెప్పాల్సింది మీ వీసా సంగతి: ఎఫ్-1 (చదువు వీసా) మీద ఉన్నాను, లేదా ఓపీటీలో (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) ఉన్నాను, లేదా హెచ్-1బీ (ఉద్యోగ వీసా). నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్‌లో ఏమవుతుందో లాయర్ మీకు చెప్పి తీరాలని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అడగండి, అర్థమయ్యేదాకా అడగండి. ఇవాళే ఒప్పుకుంటే ఇంటికెళ్లిపోవచ్చు అని ఎవరన్నా చెప్తే, నిద్ర లేని, తిండి లేని ఆ స్థితిలో అది వరంలా వినిపిస్తుంది. కానీ దొంగతనం ఒప్పుకుంటే, పడిన శిక్ష ఒక్కరోజు సమాజ సేవే అయినా, వీసాకు ఎసరు పెట్టొచ్చు. ఒప్పుకోలు లేకుండా ఆరు నెలలు వాయిదా వేసి, ఆ లోపు ఇంకే గొడవా లేకపోతే కొట్టేసే పద్ధతి కూడా ఉంది. అది దొరుకుతుందేమో లాయర్‌ని అడగండి. భారత కాన్సులేట్‌కి చెప్పమని అడిగే హక్కు కూడా మీది. కానీ భారతీయుల విషయంలో మీరు అడిగితేనే చెప్తారు, వాళ్లంతట వాళ్లు చెప్పాల్సిన పని లేదు.

ఒకవేళ మీ ఫ్రెండునో ఇంట్లోవాళ్లనో దీవికి పంపేశారే అనుకోండి, ఇక బయట ఉన్న మీ మీదే బరువంతా. నగర జైళ్ల శాఖ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే మనిషి ఏ భవనంలో ఉన్నాడో, బెయిలు ఎంతో, తర్వాతి కోర్టు తేదీ ఎప్పుడో కనిపిస్తుంది. లోపలి నుంచి చేసే ఫోన్లు 2019 నుంచి ఉచితం. కానీ లాయర్‌తో తప్ప మిగతా ఫోన్లన్నీ రికార్డు అవుతాయి, తెలుగులో మాట్లాడినా అనువాదం చేయించగలరు. అందుకే అమ్మ ఏడుస్తూ "అసలేం జరిగింది నాన్నా" అని అడిగినా కేసు గురించి ఒక్క ముక్క చెప్పొద్దని ముందే అందరికీ చెప్పండి. తిన్నావా, పడుకున్నావా, మందులు ఇస్తున్నారా, అంతవరకే. షుగర్, ఆస్తమా, డిప్రెషన్ లాంటివి ఉంటే లోపలికి వెళ్లగానే జరిగే వైద్య పరీక్షలో చెప్పాలి, బయటివాళ్లు అదే లాయర్‌కి కూడా చెప్పాలి. మందులు అందకపోయినా, కొట్టినా, నగర హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఇది మొహమాటపడే చోటు కాదు. అక్కడి హింసను అదుపు చేయలేకపోయినందుకు 2024లో ఫెడరల్ జడ్జి నగరాన్నే తప్పుపట్టారు.

ఇంకో మాట. చిన్న కేసులో మనిషిని లోపల పెడితే, సాక్షి సంతకంతో కూడిన సరైన ఫిర్యాదు అయిదు రోజుల లోపు కోర్టుకు చేరకపోతే మామూలుగా వదిలేయాలి. ఆ గడువు తేదీ లాయర్‌ని అడిగి మీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. లోపల ఇమిగ్రేషన్ కాగితం ఏదైనా చేతికిస్తే లాయర్ చూడకుండా సంతకం వద్దు.

కేసు కొట్టేశాక రికార్డు సీలు చేస్తారు, అంటే మామూలుగా బయటివాళ్లకు కనిపించదు, కానీ పని అయిపోయిందనుకోవద్దు. తర్వాత ఇండియాకి వచ్చి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, దానికి అవుననే చెప్పాలి. అందుకే కేసు ఎలా ముగిసిందో తెలిపే, ముద్ర ఉన్న సర్టిఫికెట్ కోర్టు క్లర్కు ఆఫీసులో అప్పుడే రెండు మూడు కాపీలు తీసుకుని, పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి.