కొత్త టీవీలో బొమ్మ బాగా లేదా? మార్చే ముందు ఇవి చూడండి

పెద్ద 4కె టీవీ హాల్లో బిగించాక చాలామంది అనే మొదటి మాట: "షాపులో చూసినంత బాగా లేదేంటి?" రెండోది: "మార్చేద్దామా?" ఆ రెండో మాట అనేలోపు ఒక పని చేయండి. టీవీలోనే ఉన్న యూట్యూబ్ యాప్ తెరిచి, ఏదైనా 4కె వీడియో పెట్టి, క్వాలిటీ 2160పీకి మార్చి చూడండి. బొమ్మ శుభ్రంగా ఉంటే టీవీ తప్పేం లేదు, తేడా సెట్‌టాప్ బాక్స్‌లోనో కనెక్షన్‌లోనో ఉంది. నిమిషం పట్టే ఈ పని మాత్రం ఎవరూ చేయరు. టీవీ చూడమని పిలిస్తే నేను వెళ్లేసరికే షార్ప్‌నెస్, కాంట్రాస్ట్ అన్నీ కెలికేసి ఉంచుతారు.

యాప్‌లు బాగున్నాయి, ఛానళ్లు మసక

ముందు టీవీ వెనక్కి చూడండి. పాత టీవీకి వాడిన పసుపు, ఎరుపు, తెలుపు వైర్లే ఇంకా వేలాడుతుంటే తీసేసి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టండి. తర్వాత బాక్స్ సెట్టింగుల్లో వీడియో అవుట్‌పుట్ 576 మీద ఉంటే 1080కి, 4కె బాక్స్ అయితే 2160కి మార్చండి. ఛానలే ఎస్‌డీ (పాత, తక్కువ స్పష్టత రకం) అయితే ఇక చేసేదేం లేదు. 720×576 అంటే సుమారు 4 లక్షల చుక్కలు. 4కె తెర నిండాలంటే 83 లక్షలు కావాలి. అంటే ఇరవై చుక్కల్లో పంతొమ్మిది టీవీ ఊహించి నింపాల్సిందే. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ ఊహ బయటపడుతుంది.

సినిమా సీరియల్‌లా కనిపిస్తోంది

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే ఉంటాయి. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, ఇలా కంపెనీకో పేరు. ఆఫ్ చేయండి, లేదా సినిమాను తీసినట్టే చూపే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే పెట్టండి. రంగులు కళ్లలో గుచ్చుకుంటుంటే షాపులో ప్రదర్శనకు పెట్టే స్టోర్ మోడ్‌లో ఉండిపోయిందేమో, బొమ్మ దానంతటదే చీకటిపడుతుంటే కరెంటు ఆదా చేసే ఎకో మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

4కె బాక్స్ పెట్టినా హెచ్‌డీఆర్ రావట్లేదు

అసలు సతాయించేది ఇదే. యాప్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడలను, రంగులను మరింత బాగా చూపే పద్ధతి) వస్తుంది, స్ట్రీమింగ్ బాక్స్‌లోనో గేమ్ కన్సోల్‌లోనో రాదు. లేదా బాక్స్ 4కె 30 హెర్ట్జ్ (సెకనుకు 30 ఫ్రేములు) దగ్గరే ఆగిపోతుంది, మెనూ జరుపుతుంటే తడబడుతుంది. అందరూ కేబుల్‌నే తిడతారు. ఖరీదైనది తెస్తారు, మళ్లీ అదే కథ. బాక్స్ మారుస్తారు, అయినా అదే కథ.

కారణం ఏంటంటే, చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టులు పాత పద్ధతిలో సెట్ అయి వస్తాయి. పాత పరికరాలు తగిలిస్తే తెర నల్లగా అయిపోకుండా ఈ జాగ్రత్త. ఆ స్థితిలో పోర్టు తనకు హెచ్‌డీఆర్ చేతకాదని బాక్స్‌కు చెబుతుంది, బాక్స్ నమ్మేస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, అదీ దీనితో వచ్చిన చిక్కు. మార్చాల్సిన సెట్టింగ్ కూడా పిక్చర్ మెనూలో ఉండదు. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ లాంటి పేర్లతో ఎక్కడో లోపల ఉంటుంది.

పైగా ఇది ఒక్కో పోర్టుకు విడిగా ఉంటుంది. రెండో పోర్టుకు ఆన్ చేసి, దుమ్ము దులిపేటప్పుడు కేబుల్ తీసి మూడోదానికి పెడితే మళ్లీ మొదటికే. అందుకే బాక్స్ ఏ పోర్టుకు ఉందో వెనక నంబరు చూసి, దానికే ఆన్ చేయండి. తెర కాసేపు నల్లబడితే కంగారు వద్దు. ఆ తర్వాత బాక్స్‌ను కరెంటు తీసి పెట్టి, దాని డిస్‌ప్లే సెట్టింగ్‌ను ఆటోకి మార్చండి. ఎవరో ఎప్పుడో అందులో 1080 అని చేత్తో పెట్టి ఉంటే, టీవీని ఎంత మార్చినా లాభం లేదు.

అప్పటికీ రాకపోతే మధ్యలో పాత సౌండ్‌బార్‌గానీ రిసీవర్‌గానీ ఉందా చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 కాలం నాటిది 4కెని 30 హెర్ట్జ్ దాటనివ్వదు. బాక్స్‌ను నేరుగా టీవీకి పెట్టి, సౌండ్‌ను ఏఆర్‌సీ పోర్టు (టీవీ నుంచి సౌండ్‌బార్‌కు శబ్దం పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) నుంచి బయటికి తీసుకోండి. ఇంకా కొనని వాళ్లు ఏఆర్‌సీకి ఒకటి పోగా ఎన్ని పోర్టులు మిగులుతాయో, 120 హెర్ట్జ్ ఎన్నింటికి వస్తుందో షాపులోనే అడగండి. చాలా మోడళ్లలో అన్నింటికీ రాదు.

మిగతావి

కేబుల్ నిజంగానే పాడైతే బొమ్మ మెరుస్తుంది, లేదా వచ్చి పోతుంది. మసకగా మాత్రం రాదు. ప్యానెల్ లోపాలు, బోర్డు సమస్యలు అరుదు. యాప్‌లో 4కె వీడియో పెట్టినా గీతలో, మచ్చలో ఉన్నచోటే కనిపిస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి వారంటీకి ఫిర్యాదు చేయండి.