హైడ్రోఫోన్ ఎక్కడుంది? 3వ పాఠం: చుట్టూ తిరిగి కొలవడం

ఓడ నుంచి పంపే పింగ్ (చిన్న శబ్దం) హైడ్రోఫోన్‌ను, అంటే నీటిలో శబ్దాలు వినే మైకును, చేరడానికి పట్టే కాలం కొలవడం వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు ఆ కాలాల నుంచి హైడ్రోఫోన్ స్థానం రాబడదాం.

ఎంత కచ్చితంగా రావాలి? అణుపరీక్షలపై నిఘా కోసం ఆస్ట్రేలియాలోని కేప్ లీవిన్ దగ్గర నీటిలో నిలిపిన మూడు హైడ్రోఫోన్ల మధ్య దూరం సుమారు 2 కి.మీ. ఒకదాని స్థానం అడ్డంగా 10 మీటర్లు తప్పుగా రాసుకుంటే, శబ్దం వచ్చిన దిశ దాదాపు 0.3 డిగ్రీలు తప్పుతుంది. 3,000 కి.మీ. దూరాన అది 15 కి.మీ. పొరపాటు.

లెక్కకు లోతు 1,000 మీటర్లు, శబ్దవేగం సెకనుకు 1,500 మీటర్లు అనుకోండి. హైడ్రోఫోన్‌ను దించిన చోటు కేంద్రంగా, 1,000 మీటర్ల వ్యాసార్ధంతో ఓడను తిప్పుతూ పింగ్‌లు పంపండి. తూర్పు నుంచి 0.9288 సెకన్లు, పడమర నుంచి 0.9571 వచ్చాయి. తేడా 28.3 మిల్లీసెకన్లు. అందులో సగాన్ని వేగంతో గుణిస్తే 21.2 మీటర్లు; ఇది వాలుదారిలో తేడా. దారి 45 డిగ్రీల వాలు కాబట్టి 0.707తో భాగించండి: హైడ్రోఫోన్ 30 మీటర్లు తూర్పుకు జరిగింది. హైడ్రోఫోన్ విన్నది నమోదు చేసే రికార్డర్ గడియారం 50 మిల్లీసెకన్లు తప్పినా రెండు కాలాలూ ఒకేలా మారతాయి, తేడా చెక్కుచెదరదు. గుండ్రంగా తిరగమనేది అందుకే.

లోతు మాత్రం ఇలా తేలదు. గడియారం తప్పూ లోతు తప్పూ చుట్టంతటా ఒకేలా కనిపిస్తాయి. సరిగ్గా పైనుంచి కూడా కొన్ని పింగ్‌లు పంపండి: లోతు 1 మీటరు మారితే అక్కడ దారి పూర్తిగా 1 మీటరు మారుతుంది, చుట్టు మీద 0.7 మీటరే. రెండూ అలా విడిపోతాయి. శబ్దవేగాన్ని మాత్రం విడిగా, లోతువారీగా ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి తెలుసుకోవాల్సిందే. అందులో 0.5 శాతం తప్పితే పైనుంచి కొలిచిన లోతు 5 మీటర్లు తప్పుతుంది.

ఓడ స్థానం చెప్పే జీపీఎస్ యాంటెన్నా, పింగ్‌లు పంపే పింగర్ ఒకేచోట ఉండవు. ఆ దూరాన్ని టేపుతో కొలిచి సరిచేయండి. సరిచేశారో లేదో తేలాలంటే ఒక చుట్టు సవ్యంగా, ఇంకొకటి అపసవ్యంగా తిరగండి. పింగర్ కుడివైపు 3 మీటర్లు ఉంటే మొదటి చుట్టులో కాలాలు 1.4 మిల్లీసెకన్లు తగ్గుతాయి, రెండో చుట్టులో అంతే పెరుగుతాయి.

పింగర్ 5 మీటర్ల లోతులో ఉంటే, చుట్టు మీద నీటిపైభాగాన్ని తాకి వచ్చే ప్రతిధ్వని నేరుగా వచ్చిన పింగ్ కన్నా 4.7 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. ఒక్కోసారి అదే పెద్దదిగా కనిపిస్తుంది; మీరు తీసుకోవాల్సింది మొదట వచ్చినదాన్నే.

అభ్యాసం: ఉత్తరం నుంచి 0.9358, దక్షిణం నుంచి 0.9499 సెకన్లు. హైడ్రోఫోన్ ఎటు, ఎంత జరిగింది? జవాబు దాదాపు 15 మీటర్లు ఉత్తరానికి రావాలి.