తెలుగు బ్లాగుకు థీమ్ ఎంచుకోవడం: వత్తులు తెగకుండా, పద్యం విరగకుండా

కొత్తగా బ్లాగు మొదలుపెట్టేవారిలో చాలామంది మొట్టమొదట, బ్లాగు రూపురేఖలను నిర్ణయించే సిద్ధపు అచ్చులైన థీమ్‌ల గ్యాలరీ తెరిచి కూర్చుంటారు. నిజానికి అది రెండో పని. అంతకంటే ముందు మూడు టపాలు (పోస్టులు) రాసి దగ్గర పెట్టుకోవాలి. వాటిలో ఒకటి పొడవైన వ్యాసం, ఒకటి నాలుగైదు వాక్యాల చిన్న టపా, మూడోది మీ బ్లాగుకే ప్రత్యేకమైనది కావాలి. వంటల బ్లాగైతే ఆ మూడోది కొలతలతో సహా రాసిన ఒక వంటకం. యాత్రల బ్లాగైతే పది ఫొటోల టపా. సాహిత్య బ్లాగైతే పద్యమూ తాత్పర్యమూ ఉన్న టపా. ఇవి చేతిలో లేకుండా థీమ్ చూడడమంటే కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనడమే.

ఇంతగా చెప్పడానికి కారణముంది. గ్యాలరీలో కనిపించే నమూనా పేజీ దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. దానిలోని ఫొటోలు చెయ్యి తిరిగినవారు తీసినవి, శీర్షికలు మూడు నాలుగు పొట్టి మాటలవి, ప్రతి టపాకూ ఒకే పొడవున్న పరిచయం ఉంటుంది. నా మొదటి బ్లాగుకు అలాంటి నమూనా చూసి మురిసిపోయి, వారపత్రిక పుటలా ఫొటోల గడులు పేర్చిన థీమ్ పెట్టుకున్నాను. నేను రాసేవేమో పద్యాల మీద వ్యాసాలు, ఒక్కదానికీ ఫొటో లేదు. మొదటి పేజీ నిండా బూడిదరంగు ఖాళీ గడులు మిగిలాయి. వాటిని నింపడానికి తామరపూల బొమ్మలు, తాళపత్రాల బొమ్మలు వెతుకుతూ రెండు నెలలు రాయడమే మానేశాను. ఫొటోలు లేని బ్లాగుకు ఫొటోల థీమ్ పెడితే రాసేవాడు ఆ గడులకు కూలివాడవుతాడు.

ఏ వేదిక మీద రాస్తున్నారన్నది ఎంపికకు హద్దులు గీస్తుంది. బ్లాగర్‌లో సిద్ధంగా దొరికేవి కొద్ది థీమ్‌లే. 2017లో చేర్చిన వాటిలో సోహో, ఎంపోరియో ఫొటోలు ముందుండే బ్లాగులకు తగినవి. రాతే ప్రధానమైనవారు నోటబుల్‌నో, అంతకంటే పాతదైన సింపుల్‌నో చూడడం మేలు. సింపుల్ పేరుకు తగ్గట్టే సాదాగా ఉంటుంది, కానీ దానిలో మార్చలేనిది తక్కువ. వర్డ్‌ప్రెస్‌లో సమస్య ఇందుకు పూర్తిగా తలకిందులు: వేలకొద్దీ థీమ్‌లు. అక్కడ మొదలుపెట్టడానికి, వర్డ్‌ప్రెస్ సంస్థాపనతో పాటే వచ్చే ట్వంటీ ట్వంటీ-ఫోర్, ట్వంటీ ట్వంటీ-ఫైవ్ వంటివి సరిపోతాయి. 2022 జనవరిలో వచ్చిన 5.9 కూర్పు నుంచి, పేజీని బ్లాకులనే ముక్కలుగా పేర్చే బ్లాకు థీమ్‌లలో తలకట్టు, అడుగుపట్టీ, టపా పేజీ అన్నింటినీ కోడు ముట్టుకోకుండా సైట్ ఎడిటర్‌లోనే సవరించుకునే వీలుంది. బయటి థీమ్‌ను పరిశీలించేటప్పుడు, అధికారిక జాబితాలో దాని పేజీలో చివరిసారి ఎప్పుడు నవీకరించారో, ఎన్ని సైట్లు వాడుతున్నాయో రాసి ఉంటుంది, దాన్ని చూడండి. రెండేళ్లుగా ఎవరూ ముట్టని థీమ్ ఎంత అందంగా ఉన్నా వదిలేయడమే మంచిది.

ఇక అసలు పరీక్షకు వద్దాం. థీమ్‌లు తయారుచేసేవారిలో ఎక్కువమంది లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకునే కొలతలు నిర్ణయిస్తారు. ఆ లిపిలో అక్షరాలు గీత మీద నిలబడతాయి, కొన్నింటికి మాత్రమే కిందికి తోకలుంటాయి. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ: నడుమ హల్లు, పైన గుడి, ఏత్వం వంటి గుణింతపు గుర్తులు, కింద వత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో స మీద గుడిదీర్ఘం, దాని అడుగున త వత్తు, ర వత్తు రెండూ ఉన్నాయి. ఇంగ్లీషుకు హాయిగా సరిపోయే వరుసల ఎడం, అంటే అక్షర పరిమాణానికి 1.4 రెట్లో 1.5 రెట్లో, తెలుగుకు ఇరుకవుతుంది. నా అనుభవంలో 1.7 నుంచి 1.9 వరకు ఉంటే కన్ను అలసిపోదు. 2 దాటితే వరుసలు ఒకదానికొకటి సంబంధం లేనట్టు విడిపోతాయి.

దీన్ని కంటితోనే తేల్చుకోవచ్చు. ‘రాష్ట్రంలోని స్త్రీలూ శాస్త్రజ్ఞులూ సంస్కృత గ్రంథాల సూక్ష్మార్థాలను కీర్తించిరి’ వంటి వాక్యాన్ని రాసి, దాన్నే ఏడెనిమిది సార్లు వరుసగా అతికించి, ప్రివ్యూలో చూడండి. పై వరుసలోని ర వత్తు కింది వరుసలోని గుడిదీర్ఘానికి తగులుతుంటే ఎడం చాలదని అర్థం. అలాగే మెనూలోనూ బటన్ల మీదా ఇలాంటి మాటలే పెట్టి చూడాలి, ఎందుకంటే వాటి ఎత్తును చాలా థీమ్‌లు ఇన్ని పిక్సెళ్లని బిగించేస్తాయి. అప్పుడు ‘శాస్త్రం’ అన్న మెనూ మాటలో వత్తుల అడుగు కోసుకుపోయి ‘శాసం’లా కనిపిస్తుంది. వ్యాసంలో వరుసల ఎడం సరిచేయడం సులువు, బిగించిన ఎత్తులను ఒక్కొక్కటిగా వెతికి సడలించడం విసుగు పుట్టించే పని. కాబట్టి రెండో లోపం కనిపించిన థీమ్‌ను నేను అక్కడికక్కడే పక్కన పెడతాను.

ఫాంటు సంగతి కూడా దీనితో ముడిపడినదే. థీమ్ వివరాలలో లాటో, ఓపెన్ సాన్స్ వంటి పేర్లు చూసి అవే మీ బ్లాగులో కనిపిస్తాయనుకోకండి, వాటిలో తెలుగు అక్షరాలు లేవు. థీమ్ చెప్పిన ఫాంటులో తెలుగు దొరకనప్పుడు బ్రౌజరు ఆ పరికరంలో ఉన్న తెలుగు ఫాంటును తెచ్చి పెడుతుంది. విండోస్ 8 నుంచి అది సాధారణంగా నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు. అంటే మీరు ఇంట్లో చూసే బ్లాగు వేరు, పాఠకుడు ఫోనులో చూసేది వేరు. ఒకే రూపం కావాలనుకుంటే తెలుగున్న వెబ్ ఫాంటును, అంటే పేజీతో పాటే పాఠకుడి పరికరానికి చేరే ఫాంటును, స్వయంగా చేర్చాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో వ్యాసానికి నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి, హింద్ గుంటూరు బాగుంటాయి. శీర్షికలకు రామభద్ర, సురన్న వంటివి నిండుగా ఉంటాయి. మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టుకున్న మండలిని వార్తాపత్రికల కోసం రూపొందించారు, అందుకేనేమో పొడవైన వ్యాసానికి బాగా ఒదుగుతుంది. అయితే దానిలో ఒకే మందం ఉంది. మీరు ఎక్కడైనా బొద్దు అక్షరాలు పెడితే బ్రౌజరు కృత్రిమంగా లావు చేస్తుంది, ‘ఘ’, ‘ఝ’, ‘ఱ’ల లోపలి ఖాళీలు పూడిపోతాయి. బొద్దు అక్షరాలు ఎక్కువగా వాడేవారు పలు మందాలున్న నోటోనో, హింద్ గుంటూరునో, అనేక్ తెలుగునో ఎంచుకోవాలి. ఒక వ్యాసపు ఫాంటు, ఒక శీర్షికల ఫాంటు చాలు. సంయుక్తాక్షరాలన్నింటినీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైళ్లు బరువుగా ఉంటాయి, మూడోది చేర్చినప్పుడు పల్లెలో ఫోను పట్టుకున్న పాఠకుడు ఆ బరువును మోస్తాడు.

బ్లాగర్‌లో ఈ మార్పుల కోసం థీమ్ విభాగంలో కస్టమైజ్, అడ్వాన్స్‌డ్ తెరిస్తే చివర, పేజీ రూపాన్ని నిర్దేశించే భాషైన సీఎస్‌ఎస్ రాసుకునే చోటు ఉంటుంది. అక్కడికి వెళ్లే ముందు అదే థీమ్ విభాగంలోని బ్యాకప్‌తో ఒక ప్రతి దించుకోండి. ఈ మాట నిర్లక్ష్యం చేసినవారు రాత్రి పదకొండింటికి ఖాళీ పేజీని చూస్తూ కూర్చున్న సందర్భాలు నేనెరుగుదును, వారిలో నేనూ ఒకణ్ణి.

ఇంగ్లీషు అచ్చు సంప్రదాయం నుంచి వచ్చిన కొన్ని అలంకారాలు తెలుగులో వికటిస్తాయి. ఉల్లేఖనాలను వాలు అక్షరాలలో చూపే థీమ్‌లు చాలా ఉన్నాయి. తెలుగు ఫాంటులకు సాధారణంగా వాలు రూపం ఉండదు కాబట్టి బ్రౌజరు నిటారు అక్షరాలనే పక్కకు వంచుతుంది, చూడడానికి గాలివానకు ఒరిగిన అరటితోటలా ఉంటుంది. ఉల్లేఖనాన్ని పక్క గీతతోనో నేపథ్యపు రంగుతోనో వేరుచేసే థీమ్ మేలు. పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపే అలంకారం ఉంటే, ‘శ్రీ’తోనో ‘స్త్రీ’తోనో మొదలయ్యే పేరాతో పరీక్షించాలి. అక్షరాన్ని విడగొట్టి పొల్లు హల్లు ఒక్కదాన్నే పెద్దదిగా చూపితే ఆ సదుపాయాన్ని ఆపేయండి.

మొదటి పేజీలో టపా పరిచయం ఎక్కడ తెగుతుందో చూడడం ఇంకా ముఖ్యం. వర్డ్‌ప్రెస్ మామూలుగా 55 పదాలు తీసుకుంటుంది. ‘వెళ్లాల్సివచ్చినప్పుడల్లా’ అన్నది మనకు ఒకే పదం కాబట్టి, ఇంగ్లీషు నమూనాలో మూడు వరుసలున్న పరిచయం తెలుగులో ఆరేడు వరుసలై గడులు కిందికి జారతాయి. కొన్ని థీమ్‌లు పదాలను కాక, హల్లుకూ పొల్లుకూ గుణింతానికీ కంప్యూటరులో విడివిడిగా ఉండే సంకేతాలను లెక్కపెట్టి కోస్తాయి, అప్పుడు ‘లక్ష్మి’ కాస్తా ‘లక్’ దగ్గర ఆగుతుంది. బైట్లను లెక్కపెట్టేవి మరీ ఘోరం: అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతైన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది, వాటి మధ్యలో కోత పడితే చివర నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం మిగులుతుంది. పరిచయాన్ని మీరే రాసుకునే వీలున్న థీమ్ దొరికితే ఈ బాధ ఉండదు.

పద్యాలు రాసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఉత్పలమాల, మత్తేభాలకు పాదానికి 20 అక్షరాలు, శార్దూలానికి 19, చంపకమాలకు 21. చిన్న ఫోను తెర మీద, ఇరువైపులా అంచులు పోను మిగిలిన వెడల్పులో ఇన్ని అక్షరాలు ఒక వరుసలో పట్టవు. పాదం చివర రెండు అక్షరాలు మాత్రం కింది వరుసకు దిగి, దాని తర్వాత కొత్త పాదం మొదలవుతుంది. అప్పుడు నాలుగు పాదాల పద్యం ఎనిమిది వరుసల వచనంలా కనిపిస్తుంది. దీనికి మూడు మార్గాలున్నాయి. ఫోనులో అంచులు తక్కువగా వదిలే థీమ్ ఎంచుకోవడం ఒకటి. పద్యం వరకు అక్షరాలను 15 పిక్సెళ్లకు తగ్గించడం మరొకటి. విరిగిన భాగం కాస్త లోపలికి జరిగి, పాదపు కొనసాగింపని తెలిసేలా సీఎస్‌ఎస్ రాయడం మూడోది. నేను మూడోదానికే మొగ్గుతాను, ఎందుకంటే చిన్న అక్షరాలు చదవలేని పెద్దవారే పద్యాలకు ఎక్కువ పాఠకులు. పద్యాన్ని బొమ్మగా మార్చి పెట్టడం మాత్రం వద్దు: అది వెతికితే దొరకదు, చూపులేనివారి స్క్రీన్ రీడరు దాన్ని చదవలేదు.

రంగుల విషయంలో రుచులు వేరైనా ఒక కొలత అందరికీ వర్తిస్తుంది. వెబ్ అందుబాటు ప్రమాణాలు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగులో కనీసం 4.5:1 వ్యత్యాసం (కాంట్రాస్ట్) కోరుతాయి. తెల్లని నేపథ్యం మీద, వెబ్ రంగుల సంకేతాలలో 999999 సంఖ్యగల బూడిదరంగు సుమారు 2.85:1 మాత్రమే, అయినా తేదీలకూ లేబుళ్లకూ దానికి దగ్గరి రంగులు వాడే థీమ్‌లు కోకొల్లలు. 767676 దాకా ముదురు చేస్తే కొలత అందుతుంది, ఇంకా ముదురైతే మరీ మంచిది. సన్నని గీతలున్న తెలుగు ఫాంటుకు లేత రంగు తోడైతే వత్తులు మొదట మాయమవుతాయి.

థీమ్ లోపలి మాటలు ఏ భాషలో ఉన్నాయన్నది చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. వర్డ్‌ప్రెస్ సెట్టింగులలో సైటు భాషను తెలుగుకు మార్చితే నెలల పేర్లు తెలుగులోకి వస్తాయి, పేజీ తెలుగుదని బ్రౌజరుకూ స్క్రీన్ రీడరుకూ తెలుస్తుంది. థీమ్‌కు తెలుగు అనువాదం లేకపోతే ‘లీవ్ ఎ కామెంట్’, ‘రీడ్ మోర్’ మాత్రం ఇంగ్లీషులోనే నిలిచిపోతాయి. లోకో ట్రాన్స్‌లేట్ వంటి, వర్డ్‌ప్రెస్‌కు అదనపు సదుపాయాన్ని చేర్చే ప్లగిన్‌తో వాటిని ‘వ్యాఖ్యానించండి’, ‘పూర్తిగా చదవండి’ అని మార్చుకోవచ్చు. ఈ మాటలను అనువాదానికి వీలు లేకుండా కోడులో రాసేసిన థీమ్ అయితే అంత సులువు కాదు.

డబ్బు పెట్టి కొనాలా అంటే, మొదటి ఏడాది అక్కర్లేదు. ఖరీదైన థీమ్‌ను ఉచితంగా ఇస్తామనే సైట్ల జోలికి అసలే వెళ్లకండి. అలా పంచే ప్రతులలో దొంగ కోడు దాచి ఉంచడం మామూలే, మీ బ్లాగు పేరుతో ఎవరో జూదపు లింకులు నడుపుతుంటారు.

ఇలా వడపోస్తే రెండు మూడు థీమ్‌లు మిగులుతాయి. మీ మూడు టపాలనూ ఒక్కో దానిలో పెట్టి, ముందు రాసిన వత్తుల వాక్యంతో సహా, సొంత ఫోనులోనే కాక ఇంట్లో అందరికంటే పాత ఫోను ఎవరి దగ్గర ఉందో వారి చేతిలో కూడా చూడండి. మా ఇంట్లో ఆ ఫోను మా అమ్మది. ఆవిడ కళ్లజోడు వెతుక్కోకుండా రెండో పేరాకు చేరితే ఆ థీమ్ ఉంచుతాను. ఎంచుకున్నాక, పక్కపట్టీలో ఏయే విడ్జెట్లు (వెతుకుపెట్టె, పాత టపాల జాబితా వంటి చిన్న భాగాలు) పెట్టారో, మెనూ ఎలా అమర్చారో ఒక స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ముందు ముందు థీమ్ మార్చినప్పుడు టపాలు, వ్యాఖ్యలు ఎక్కడికీ పోవు కానీ విడ్జెట్ల అమరిక చెదిరిపోవచ్చు, థీమ్‌తో వచ్చిన, టపాలో బటన్ల వంటివి పెట్టడానికి రాసే ప్రత్యేక షార్ట్‌కోడ్‌లు చదరపు కుండలీకరణాల్లో పచ్చిగా బయటపడతాయి. ఆ రోజు వాటిని వెతుక్కోకుండా ఉండాలంటే, అలాంటి షార్ట్‌కోడ్‌లను టపాలలో మొదటినుంచీ వాడకండి.