నవలిక చదివే పద్ధతి – 4వ పాఠం: హాజీ మురాత్ పక్షాలు మారిన వరుస

గత పాఠంలో మొదటి పేజీలోని ముళ్లమొక్క దగ్గర ఆగాం. ఈసారి కథలోకి వెళ్దాం. టాల్‌స్టాయ్ 1896లో మొదలుపెట్టి 1904 దాకా తిరగరాస్తూ వచ్చిన ‘హాజీ మురాత్’ నవలిక ఆయన పోయాక 1912లో అచ్చయింది. కాకసస్ కొండల్లో రష్యన్లతో పోరాడుతున్న కొండజాతుల నాయకుడు షమీల్‌తో చెడి, రష్యన్లకు లొంగిపోయిన అవార్ యోధుడు హాజీ మురాత్ కథ ఇది. మొత్తం 25 అధ్యాయాలు. చిన్న పుస్తకమే అయినా చోటూ మనుషులూ చటుక్కున మారిపోతుంటారు కాబట్టి కాగితం, పెన్సిల్ లేకుండా చదవకండి.

నోట్‌బుక్‌లో అధ్యాయానికో అడ్డ వరుస, ప్రతి వరుసలో నాలుగు గడులు గీయండి. స్థలం, ఎవరి కళ్లతో చూస్తున్నాం, హాజీ మురాత్ ఎవరి దగ్గర ఉన్నాడు, అతని కుటుంబం ఎవరి చేతిలో ఉంది. నాలుగో గడి ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు.

ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. రష్యన్ పేర్లలో రెండో మాట తండ్రి పేరు నుంచి వస్తుంది. సెమ్యోన్ మిఖాయిలోవిచ్ అంటే మిఖాయిల్ గారి అబ్బాయి సెమ్యోన్. ఆ తండ్రి మిఖాయిల్ సెమ్యోనోవిచ్. ఇద్దరూ వొరొంత్సోవ్‌లే. హాజీ మురాత్ లొంగిపోయేది వొజ్‌ద్వీజెన్‌స్కయా కోటలో ఉన్న కొడుకుకి. హాజీ మురాత్ భవిష్యత్తు తేల్చాల్సింది టిఫ్లిస్‌లో (ఇప్పటి ట్బిలిసి) జార్ ప్రతినిధిగా ఉన్న తండ్రి. ఇద్దర్నీ ఒకరే అనుకుంటే 10వ అధ్యాయం బొత్తిగా బోధపడదు. అలాగే మార్యా వసీల్యెవ్నా కొడుకు వొరొంత్సోవ్ భార్య. మార్యా ద్మీత్రియెవ్నా మాత్రం సరిహద్దు కోటలో మేజర్‌తో కలిసి ఉండే మనిషి.

ఇక కాలం. కథ 1851 చివర్లో, నడిమధ్యలో మొదలవుతుంది. అంతకుముందు జరిగింది 11 నుంచి 13 అధ్యాయాల్లో హాజీ మురాతే తండ్రి వొరొంత్సోవ్ సహాయకాధికారి లోరిస్-మెలికోవ్‌కి చెబుతాడు. దీన్ని వేరే పేజీలో జరిగిన వరుసలో రాసుకోండి. ఖున్‌జాఖ్‌లో అవార్ ఖాన్‌లతో కలిసి పెరగడం. షమీల్‌కి ముందు ఇమామ్‌గా ఉన్న హమ్జాత్ వాళ్లను చంపించడం. 1834లో అన్నదమ్ములు మసీదులో హమ్జాత్ మీద పగ తీర్చుకోవడం, అక్కడే సోదరుడు ఉస్మాన్ చనిపోవడం. తర్వాత రష్యన్ల వైపు. రష్యన్ల పక్షాన ఉన్న అహ్మెత్ ఖాన్ నింద వేసి బంధిస్తే, దారిలో ఒక సైనికుడితో సహా లోయలోకి దూకడం. కాలు అప్పుడే కుంటిదైంది. అటుపైన షమీల్ వైపు, చివరికి మళ్లీ రష్యన్ల వైపు. ప్రతి మలుపు పక్కన కారణం ఒక్క మాటలో రాయండి. ‘పగ’, ‘అవమానం’, ‘కుటుంబం’ లాంటివే తేలతాయి. ‘జార్ మీద భక్తి’ అని ఒక్కచోటా రాయలేరు. అతన్ని ద్రోహి అని తేల్చేసే చదువరులు సాధారణంగా ఈ మూడు అధ్యాయాలనే తొందరగా తిప్పేస్తారు.

8వ అధ్యాయంలో హాజీ మురాత్ ఊసే ఉండదు. అనవసరమని దాటేయకండి. అన్న బదులు సైన్యంలోకి వెళ్లిన రష్యన్ సైనికుడు అవ్‌దేయెవ్ చిన్న కాల్పుల్లో గాయపడి 7వ అధ్యాయంలో చనిపోతాడు. తల్లి పంపిన ఉత్తరం, అందులోని రూబులు ఇంటికే తిరిగొస్తాయి. నాలుగో గడిలో ఇక్కడ అవ్‌దేయెవ్ కుటుంబం గురించి కూడా రాయండి. రెండు కుటుంబాలూ ఒకే గడిలో పడితేనే రచయిత దృష్టి దొరుకుతుంది.

15వ అధ్యాయం నుంచి 17వ దానికి బాణం గీయండి. వింటర్ ప్యాలెస్‌లో జార్ నికొలాయ్ ఇచ్చిన ఆజ్ఞ 16లో దాడి అవుతుంది, 17లో, మొదట్లో హాజీ మురాత్‌కి ఆశ్రయమిచ్చిన సాదో ఊరు బూడిదవుతుంది. 1వ అధ్యాయంలో హాజీ మురాత్‌ని కళ్లార్పకుండా చూసిన సాదో కొడుకు అక్కడ వీపులో బాయొనెట్ పోటుతో శవమై వస్తాడు. కాబట్టి 1 నుంచి 17కి రెండో బాణం. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా బరువైన అధ్యాయం ఇదే, ఉన్నది రెండు మూడు పేజీలే.

24లో కామెనెవ్ అనే రష్యన్ అధికారి సంచిలోంచి హాజీ మురాత్ తల బయటికి తీస్తాడు, ఆ చావు ఎలా జరిగిందో 25లో వస్తుంది. తొలిసారి ఈ వరుసలోనే చదవండి. రెండోసారి 25 ముందు, 24 తర్వాత చదివి, ఉత్కంఠ ఎక్కడ తగ్గిందో, దృష్టి దేనిమీదికి మళ్లిందో నాలుగు వాక్యాల్లో రాయండి.

పని సరిగా చేశారో లేదో ఇలా చూసుకోండి. 1 నుంచి 23 దాకా మూడో గడిలో పేర్లు మారుతూ పోవాలి. హాజీ మురాత్ కుటుంబం విషయంలో నాలుగో గడిలో మాత్రం ప్రతిసారీ ‘షమీల్’ అనే ఉండాలి. ఎక్కడైనా తేడా వస్తే 10, 19 అధ్యాయాలు మళ్లీ చదవండి. వచ్చే పాఠానికి 14వ అధ్యాయంలోని వొరొంత్సోవ్ ఉత్తరం రెండుసార్లు చదివి ఉంచుకోండి.