మిల్లులో కాంటా గది నుంచి ఆఫీసు దాకా నెట్‌వర్క్ వేసుకోవడం ఎలా?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో సాధారణంగా గేటు దగ్గర కాంటా గది, లోపల లెక్కల ఆఫీసు, వెనుక గోదాములు ఉంటాయి. వడ్ల ట్రాక్టరు కాంటా ఎక్కగానే ఆ బరువు లెక్కల కంప్యూటర్‌లో కనబడాలంటే ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకే ఆవరణలోని రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్‌తో పని లేదు. బయటి లైను తెగిపోయిన రోజున కూడా కాంటా చీటీ ఆగకుండా ఉండేలా ముందు లోపలి నెట్‌వర్క్‌ను నిలబెట్టి, ఆ తరువాతే దానికి ఇంటర్నెట్‌ను కలపాలి.

మొదట టేపు పట్టుకుని దూరం కొలవండి

నేల మీది అడుగులు కాకుండా, తీగ గోడ ఎక్కి, మూల తిరిగి, పైకప్పు వెంట వెళ్ళే దారిని కొలవాలి. కంప్యూటర్లను కలిపే రాగి తీగ, అంటే ఈథర్నెట్ కేబుల్, ఒక స్విచ్ (చాలా నెట్‌వర్క్ తీగలను ఒకచోట కలిపే పెట్టె) నుంచి కంప్యూటర్ దాకా లేదా మరో స్విచ్ దాకా 100 మీటర్లకు మించకూడదు. కాంటా గది అంతకంటే దూరంలో ఉంటే మధ్యలో ఒక స్విచ్ పెట్టవచ్చు గాని, ఆరుబయట విడివిడి కట్టడాల మధ్య గాజు పోగుతో చేసిన ఫైబర్ కేబుల్ వేసి, వెలుగును రాగి తీగ సంకేతంగా, దాన్ని తిరిగి వెలుగుగా మార్చే మీడియా కన్వర్టర్‌ను రెండు చివర్లా పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఫైబర్‌లో పోయేది వెలుగు కాబట్టి, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఆ పోటు గాజు పోగు గుండా ఆఫీసు స్విచ్‌కు చేరదు. బలం కోసం లోపల ఇనుప తీగ పెట్టిన ఫైబర్ కాకుండా, అది లేని రకమే అడిగి తీసుకోవాలి.

ఆఫీసు లోపల క్యాట్ 6 రాగి కేబుల్ చాలు. అల్యూమినియం మీద రాగి పూత పూసిన రకం చవకగా దొరుకుతుంది, కాని ఆ తీగ ద్వారానే కెమెరాలకు కరెంటు పంపాలనుకుంటే అది ఇబ్బంది పెడుతుంది. మిల్లు మోటార్లకు వెళ్ళే త్రీ ఫేజ్ వైర్ల పక్కన, అదే పైపులో నెట్‌వర్క్ తీగను నడపకూడదు. దాటక తప్పని చోట అడ్డంగా, నేరుగా దాటించాలి.

కొనలు బిగించడం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కేబుల్ లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలి తిరిగి ఉంటాయి. తీగ కొనకు బిగించే ప్లాస్టిక్ కనెక్టర్‌ను దాని క్లిప్పు కిందికి, తీగ దూర్చే రంధ్రం మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరుస ఉండాలి. ఆకుపచ్చ జత విడిపోయి మధ్యలో నీలం జత కూర్చోవడం చూసి కొందరు అది తప్పనుకుని జతలన్నిటినీ పక్కపక్కనే పెట్టేస్తారు. అప్పుడు మూడో, ఆరో స్థానాల్లోకి వేర్వేరు జతల తీగలు వస్తాయి. తీగను పరీక్షించే చవక టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరుసగానే వెలుగుతాయి, కాని మెలిక వల్ల దొరకవలసిన రక్షణ పోయి తీగ పొడవు పెరిగేకొద్దీ డేటా తప్పులతో చేరుతుంది. టెస్టర్ బాగుందని చెప్పినా రంగులను కళ్ళతో చూసుకోవలసింది అందుకే.

బిగించిన తీగలను స్విచ్‌లో పెట్టేటప్పుడు ఒకే తీగ రెండు కొనలూ అదే స్విచ్‌లోకి పోకుండా చూడాలి. సాదా స్విచ్‌లో అలా జరిగితే ఒకే సందేశం గుండ్రంగా తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తాన్ని స్తంభింపజేస్తుంది. స్విచ్‌ను పొట్టు, దుమ్ము చేరని గోడ పెట్టెలో, కాస్త గాలి ఆడేలా బిగించాలి.

చిరునామాలు పంచడం

ప్రతి యంత్రానికీ ఒక ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెల వరుస, కావాలి. సొంత ఆవరణలో వాడుకోవడానికి విడిచిపెట్టిన వరుసల్లో 192.168 తో మొదలయ్యేది ఒకటి. లోపలి నెట్‌వర్క్‌ను బయటి ఇంటర్నెట్‌కు కలిపే రౌటర్‌కు 192.168.1.1, లెక్కల కంప్యూటర్‌కు 192.168.1.10, కాంటా కంప్యూటర్‌కు 192.168.1.11, ప్రింటర్‌కు 192.168.1.20 అని స్థిరంగా ఇచ్చి, ఏ చిరునామాలు ఒకే నెట్‌వర్క్‌వో చెప్పే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 గా పెట్టండి. ఈ మాస్క్‌తో 254 యంత్రాల దాకా ఒకే నెట్‌వర్క్‌లో ఇముడుతాయి. ఫోన్లకు రౌటర్ తానే చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీ పరిధిని, చిరునామా చివరి అంకె 100 నుంచి 199 వరకు ఉండేలా, ఉంచితే, స్థిర చిరునామాలతో తగాదా రాదు.

వైఫై ఫోన్లకు మాత్రమే ఉంచడం మేలు, ఎందుకంటే ఇనుప రేకులు, నిట్టనిలువుగా పేర్చిన బస్తాల లాట్లు దాని బలాన్ని తగ్గిస్తాయి. లారీ డ్రైవర్లకు నెట్ ఇవ్వాలనుకుంటే బయటివాళ్ళ కోసం గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టి, రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చండి.

పరీక్షించడం, కింది మెట్టు నుంచి

ముందు స్విచ్ మీద ఆ పోర్టు దీపం వెలిగిందో లేదో చూడాలి. వెలగకపోతే తీగ, కొన లేదా అవతలి యంత్రం సంగతి తేల్చేదాకా కంప్యూటర్ సెట్టింగులు ముట్టుకోవద్దు. దీపం వెలిగినా కంప్యూటర్ 169.254 తో మొదలయ్యే చిరునామా చూపిస్తే దానికి మీరు ఇవ్వవలసిన స్థిర చిరునామా పడలేదని, రౌటర్ నుంచి కూడా చిరునామా అందలేదని అర్థం. అది సరిగా ఉంటే కాంటా కంప్యూటర్ నుంచి 192.168.1.1 కు, తరువాత 192.168.1.10 కు పింగ్ కొట్టండి, అంటే అవతలి యంత్రం పలుకుతుందా అని అడిగే ఆదేశం ఇవ్వండి. రౌటర్ పలికి లెక్కల కంప్యూటర్ పలకకపోతే, ముందు దానిలో బయటి సందేశాలను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను అనుమానించాలి, తీగను కాదు. ఇంతవరకు నడిస్తే కాంటా చీటీకి దారి పడినట్టే.

ఇప్పుడు రౌటర్‌కు ఇంటర్నెట్ కలిపి, రెండు కంప్యూటర్లలోనూ గేట్‌వే (బయటికి వెళ్ళే దారి), డీఎన్‌ఎస్ గడుల్లో 192.168.1.1 రాసి, ఇంటర్నెట్‌లోని 8.8.8.8 అనే చిరునామాకు పింగ్ చేయండి. ఆ అంకెకు జవాబు వచ్చి వెబ్‌సైటు పేరు టైపు చేస్తే రాకపోతే, పేరును అంకెగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే లోపం ఉంది. చివరగా బయటి లైను పీకేసి, ఒక ట్రాక్టరును కాంటా ఎక్కించి, బరువు లెక్కల గదికి చేరుతున్నదో లేదో చూడండి. చేరితే ప్రతి తీగకూ రెండు చివర్లా ఒకే నంబరు చీటీ అంటించి, ఏ నంబరు ఏ గదిదో, ఏ యంత్రానికి ఏ చిరునామానో ఒక కాగితం మీద రాసి స్విచ్ పెట్టె తలుపు లోపలి వైపు అతికించండి.