దృష్టి లోపమున్న పిల్లలకు టీచర్ కావాలంటే: శిక్షణలో పట్టు సాధించాల్సినవి

ఈ శిక్షణలో చేరినవాళ్లు చాలామంది ముందుగా బ్రెయిలీ (వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి) పట్టికను బట్టీపడతారు. పట్టిక నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, చేయి తిరగడానికే నెలలు పడుతుంది. అందుకే మొదటి రోజు నుంచే స్లేట్ (కాగితాన్ని బిగించే గడుల చట్రం), స్టైలస్ (చుక్కలు గుచ్చే మొనదేలిన పుల్ల) పట్టుకోండి.

ఒక్కో గడిలో ఆరు చుక్కలుంటాయి. చదివేటప్పుడు ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. స్లేట్‌ మీద కాగితాన్ని వెనకవైపు నుంచి గుచ్చుతాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి. తప్పులన్నీ ఇక్కడే దొర్లుతాయి. ఇ (2, 4) తిరగబడితే ఏ (1, 5) అవుతుంది. హ (1, 2, 5) తిరగబడితే జ (2, 4, 5) అవుతుంది. అక్షరాన్ని అద్దంలో ఊహించుకుంటూ రాస్తే ఈ గందరగోళం ఎప్పటికీ తీరదు. చదివినా రాసినా చేతికి ముందు తగిలే వరుసే 1, 2, 3 అని పెట్టుకోండి, చుక్కల అంకెలను పైకి అంటూ గుచ్చండి. స్టైలస్ నిటారుగా ఉండాలి. వాలిస్తే చుక్క చిరుగుతుంది, చిరిగిన చుక్క వేలికి సరిగా అందదు.

తెలుగు బ్రెయిలీలో గుణింతానికి వేరే గుర్తుల్లేవు. క పక్కన ఆ రాస్తే కా. ఒత్తులున్నచోట ముందు 4వ చుక్క పెట్టి హల్లులను వరుసగా రాయాలి. ‘అమ్మ’కు నాలుగు గడులు కావాలి: 1, ఆపై 4, ఆపై 1-3-4 రెండుసార్లు. ఆ 4వ చుక్క మరిచిపోతే అది ‘అమమ’ అయిపోతుంది.

చూపున్నవాళ్లు చుక్కల నీడలు చూసి కళ్లతో చదివేస్తారు. పిల్లల నోట్సు దిద్దడానికి అది సరిపోతుంది. కానీ పిల్లవాడి వేలు ఎక్కడ, ఎందుకు తడబడుతోందో తెలియాలంటే మీరూ కళ్లు మూసుకుని రోజూ కొంతసేపు వేళ్లతో చదవాలి. కొత్తవాళ్లు చుక్కలను గట్టిగా నొక్కుతారు, పైకీ కిందికీ రుద్దుతారు. వేలు తేలిగ్గా, పక్కకు జారుతూ పోవాలి.

తరగతిలో పూర్తిగా చూపు లేనివాళ్ల కంటే ఎంతోకొంత చూపున్నవాళ్లే ఎక్కువమంది ఉంటారు. వీళ్ల విషయంలో శిక్షణార్థులు చటుక్కున చేసే పని, అందరికీ అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వడం. అది అందరికీ పనికిరాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బులో చూపు పరిధి గొట్టంలోంచి చూసినట్టు కుంచించుకుపోతుంది. అక్షరం పెద్దదైన కొద్దీ ఒక చూపులో పట్టే అక్షరాలు తగ్గి చదువు ఇంకా నెమ్మదిస్తుంది. అల్బినిజం (పుట్టుకతోనే ఒంట్లో, కళ్లలో రంగు తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకు వెలుతురు పెంచితే కళ్లు చెదురుతాయి, కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాలి. కాబట్టి డాక్టరిచ్చిన 6/60 లాంటి చూపు కొలత అంకెతో సరిపెట్టుకోకండి. ఒక పాప ఏ దూరంలో, ఏ వెలుతురులో, ఎంత అక్షరాన్ని ఎంతసేపు అలసట లేకుండా చదవగలుగుతోందో స్వయంగా చూసి రాసుకోండి. ఈ పరిశీలనను మార్కుల కోసం చేసే రికార్డు పనిగా చూడటం అన్యాయం. ఆ పాప బ్రెయిలీ నేర్చుకోవాలా, అచ్చు చదవాలా, రెండూనా అన్నది తేలేది దానితోనే.

లెక్కలకు టేలర్ ఫ్రేమ్ (గుంతల్లో చిన్న ముక్కలు గుచ్చి అంకెలు చూపే పలక), అబాకస్ (పూసల చట్రం) రెండూ నేర్చుకోండి. ఫ్రేమ్‌లో లెక్క చేసిన తీరంతా కనిపిస్తుంది, అబాకస్‌లో వేగం వస్తుంది.

నడిపించేటప్పుడు పిల్లల చేయి పట్టుకుని లాగకండి. వాళ్లే మీ మోచేతికి కాస్త పైన పట్టుకుని అర అడుగు వెనక నడవాలి. మరీ చిన్నపిల్లలైతే మణికట్టు పట్టుకుంటారు. ఇరుకు దారి వస్తే మీ చేతిని వీపు వెనక్కి తెస్తే చాలు, వాళ్లు మీ వెనక్కి వచ్చేస్తారు. మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి, ఎక్కాలో దిగాలో చెప్పండి.

పాఠం చెప్పేటప్పుడు ‘ఇది’, ‘అక్కడ’ అనే మాటలు తగ్గించి, బోర్డు మీద రాసే ప్రతి అక్షరాన్నీ పైకి చదవండి. ఏదైనా వస్తువు తాకించాల్సి వస్తే పిల్లల చేయి లాక్కుని దానిమీద పెట్టకూడదు. మీ చేయి వస్తువు మీద ఉంచి, వాళ్ల చేతిని మీ చేతిమీద వేయనివ్వండి. వాళ్ల వేళ్లు ధైర్యంగా కిందికి జారాక మీ చేయి మెల్లగా తీసేయండి.